ముక్కల వెనక లెక్క

గొప్ప పోకర్ ఆటగాళ్లు గెలిచిన ఆటలకన్నా ఓడిన ఆటల్నే ఎక్కువసార్లు తిరగేస్తారు. ఇంటర్నెట్ వచ్చాక ఆ అలవాటు ఓ పెద్ద చదువైపోయింది. ఆ చదువు ఏమిటి? అది చదివినవాళ్లు ఏం తెలుసుకున్నారు? ఫోన్లో పేకాట ఆడుతూ ‘ఇది నైపుణ్యం ఉన్న ఆట’ అనే పిల్లలకు మనమేం చెప్పాలి?

* * *

1988 మే నెల. అమెరికాలోని లాస్ వేగాస్. బినియన్స్ హార్స్‌షూ క్యాసినోలో ప్రపంచ పోకర్ పోటీలు చివరి ఘట్టానికి వచ్చేశాయి. బల్ల దగ్గర మిగిలింది ఇద్దరే. ఒకరు జానీ చాన్... అంతకుముందు ఏడాది విజేత. రెండో అతను ఎరిక్ సైడెల్. వయసు 28. వాల్‌స్ట్రీట్‌లో పనిచేసి వచ్చినవాడు. ఇంత పెద్ద పోటీలో కూర్చోవడం అదే మొదటిసారి.

బల్లమీద రాణి, పది, ఎనిమిది పడ్డాయి. సైడెల్ చేతిలో మరో రాణి ఉంది. అంటే రాణుల జత. ఇద్దరే ఆడుతున్నప్పుడు అది మంచి ముక్కే. మరి చాన్ చేతిలో? జాకీ, తొమ్మిది! ఎనిమిది, తొమ్మిది, పది, జాకీ, రాణి... అయిదు ముక్కల వరస అప్పటికే కుదిరిపోయింది. అయినా చాన్ ఏమీ లేనట్టే కూర్చున్నాడు. చివరికి సైడెల్ తన ముందున్న చిప్పులన్నీ బల్ల మధ్యకు తోసేశాడు. అంతే... ఆట ముగిసింది. చాన్‌కు కిరీటంతోపాటు 7 లక్షల డాలర్లు, సైడెల్‌కు 2.8 లక్షల డాలర్లు దక్కాయి.

కథ అక్కడితో అయిపోలేదు. పదేళ్ల తర్వాత, 1998లో హాలీవుడ్‌లో ‘రౌండర్స్’ అనే సినిమా వచ్చింది. అందులో హీరో మ్యాట్ డామన్ ఆ ఆట వీడియోను పెట్టుకుని మళ్లీమళ్లీ చూస్తుంటాడు... చాన్ ఎలా వల పన్నాడో నేర్చుకోవడానికి. పాపం సైడెల్! తన ఓటమి ఊరూవాడా చూసే పాఠమైపోయింది.

సైడెల్ మాత్రం సిగ్గుపడి పారిపోలేదు. తర్వాతి సంవత్సరాల్లో ఒకటీ రెండూ కాదు, ప్రపంచ పోకర్ పోటీల్లో పది టైటిళ్లు గెలిచాడు. ఓడిన ఆట నుంచి ఏం నేర్చుకోవాలో అతనికి తెలిసినంతగా ఎందరికో తెలియదు. అందుకే 2016లో ఓ శిష్యురాలు అతణ్ని వెతుక్కుంటూ వచ్చింది.

పేకలో ఎన్ని ముక్కలు?

ఆమె పేరు మరియా కొనికోవా. కొలంబియా యూనివర్సిటీలో మనస్తత్వ శాస్త్రంలో డాక్టరేట్ చేసిన రచయిత్రి. జీవితంలో మన తెలివి ఎంత, అదృష్టం ఎంత అన్న ప్రశ్న ఆమెను పట్టుకుంది. దానికి జవాబు పోకర్ బల్లమీద దొరుకుతుందేమోనని అనుకుంది. అప్పటికి ఆమెకు పేక కట్టలో ఎన్ని ముక్కలుంటాయో కూడా సరిగ్గా తెలీదు!

సైడెల్ పాఠాలు చెప్పడానికి ఒప్పుకున్నాడు. ఆమె ఉండేది న్యూయార్క్‌లో. అక్కడ డబ్బు పెట్టి ఆన్‌లైన్ పోకర్ ఆడటానికి చట్టం ఒప్పుకోదు. పక్కనున్న న్యూజెర్సీలో ఒప్పుకుంటుంది. అందుకని ఆమె హడ్సన్ నది దాటి న్యూజెర్సీ వెళ్లి, ఓ కాఫీ హోటల్లో ల్యాప్‌టాప్ తెరిచి, చిన్న చిన్న మొత్తాలతో ఆడేది. ఆరితేరినవాళ్ల వీడియోలు చూసేది. తను ఆడిన ఆటలు పుస్తకంలో రాసుకుని గురువు దగ్గరికి తీసుకెళ్లేది.

ఓసారి మామూలుగా అందరూ చేసే పనే చేసింది. తన దగ్గర మంచి ముక్కలున్నా దురదృష్టం కొద్దీ ఎలా ఓడిపోయిందో చెప్పుకోబోయింది. సైడెల్ వినడానికి ఇష్టపడలేదు. ఎలా ఓడిపోయావన్నది నాకు అక్కర్లేదు, నువ్వు తీసుకున్న నిర్ణయం గురించి ఏమైనా అడగాలనుంటే అడుగు... అన్నది అతని పద్ధతి.

2018 జనవరిలో బహామాస్‌లో జరిగిన ఓ టోర్నమెంటులో కొనికోవా మొదటి స్థానంలో నిలిచింది. 84,600 డాలర్ల బహుమతి. ఆ అనుభవాలతో 2020లో ‘ది బిగ్గెస్ట్ బ్లఫ్’ అనే పుస్తకం రాసింది. గురువు నేర్పింది ఒక్కటే... ఫలితాన్ని కాదు, నిర్ణయాన్ని చూడు!

రెండు చేతిలో... అయిదు బల్లమీద

ముందుకెళ్లే ముందు ఆట సంగతి కాస్త. రమ్మీలో పదమూడు ముక్కలు పంచుతారు. పోకర్‌లో ఎక్కువగా ఆడే ‘టెక్సాస్ హోల్డెమ్’లో ఒక్కొక్కరికీ రెండే ముక్కలు. అవి ఎదుటివాళ్లకు కనిపించవు. బల్ల మధ్యలో ముందు మూడు ముక్కలు, తర్వాత ఒకటి, ఆ తర్వాత ఇంకొకటి తిప్పుతారు. ఆ అయిదూ అందరివీ. చేతిలో రెండూ, బల్లమీది అయిదూ... మొత్తం ఏడింటిలో ఎవరి అయిదు ముక్కలు గొప్పవైతే వాళ్లదే గెలుపు. ముక్కలు పంచగానే ఒకసారి, తర్వాత తిప్పిన ప్రతిసారీ ఒకసారి... మొత్తం నాలుగు విడతలు పందెం కాయొచ్చు. వద్దనుకుంటే డ్రాప్ అయిపోవచ్చు. చేతిలో ఏమీ లేకున్నా ఉన్నట్టు నటించి ఎదుటివాణ్ని తప్పించొచ్చు. అదే బ్లఫ్. ముక్కలు పంచినప్పటి నుంచి సొమ్ము ఒకరికి దక్కేవరకూ జరిగేదాన్ని ‘హ్యాండ్’ అంటారు.

52 ముక్కల్లోంచి రెండు ముక్కల జోడీలు 1,326 రకాలుగా రావచ్చు. రెండు ఆసులు ఒకేసారి చేతికి వచ్చేది సగటున 221 ఆటలకోసారి. కాబట్టి మంచి ముక్కలు వచ్చేదాకా కూర్చుంటే పూట గడవదు. వచ్చిన ముక్కలతోనే ఎప్పుడు నిలబడాలి, ఎప్పుడు తప్పుకోవాలి అన్నది తెలియాలి. అసలు విద్య అదే.

మరి ఆ విద్య ఎలా నేర్చుకోవడం? పూర్వం దారే లేదు. చదరంగంలో అయితే మహామహులు వేసిన ఎత్తులన్నీ పుస్తకాల్లో దొరుకుతాయి. పోకర్‌లో తప్పుకున్నవాడు ముక్కలు మూసేసి పడేస్తాడు. అతని దగ్గర ఏముందో, ఎందుకు తప్పుకున్నాడో ఎవరికీ తెలీదు. పైగా తెలిసినవాడు చెప్పడు. డోయల్ బ్రన్సన్ అనే దిగ్గజం 1970ల చివర్లో తన కిటుకులన్నీ పుస్తకంగా అచ్చేయించినప్పుడు, వ్యాపార రహస్యాలు బయటపెట్టేశాడని తోటి ఆటగాళ్లు తలలు పట్టుకున్నారట!

బొమ్మల తాతయ్య కెమెరా

ఆ తెర తీసింది హెన్రీ ఓరెన్‌స్టైన్ అనే బొమ్మల వ్యాపారి. పోలండ్‌లో పుట్టిన యూదుడు. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీల నిర్బంధ శిబిరాల్లో చావును దగ్గరగా చూసి బయటపడ్డాడు. అమెరికా చేరి బొమ్మల తయారీలో పేరు తెచ్చుకున్నాడు. పిల్లలంతా ఆడుకునే ‘ట్రాన్స్‌ఫార్మర్స్’ బొమ్మలు అమెరికా మార్కెట్లోకి రావడంలోనూ ఆయన హస్తముంది. సరదాకి పోకర్ ఆడేవాడు. టీవీలో పోకర్ చూస్తుంటే విసుగొచ్చేది. ఎవరి చేతిలో ఏముందో తెలీకపోతే చూసేవాళ్లకు మజా ఏముంటుంది? అందుకే మూసి ఉన్న ముక్కల్ని ప్రేక్షకులకు మాత్రమే చూపించే కెమెరా ఏర్పాటుకు 1995లో పేటెంట్ తీసుకున్నాడు. 1999లో బ్రిటన్‌లోని చానల్ 4 ప్రసారం చేసిన ‘లేట్ నైట్ పోకర్’లో బల్లకింది కెమెరాలు ఆటగాళ్ల ముక్కల్ని ఇంటింటికీ చూపించాయి.

దాని ప్రభావం 2003లో తెలిసింది. క్రిస్ మనీమేకర్ టెనెసీ రాష్ట్రంలో పనిచేసే అకౌంటెంట్. వయసు 27. ఓ వెబ్‌సైట్లో 86 డాలర్లు కట్టి చిన్న పోటీ ఆడాడు. అక్కడ గెలిచి ప్రపంచ పోటీల్లో సీటు సంపాదించాడు. 839 మంది పాల్గొన్న ఆ పోటీలో చివరిదాకా వచ్చి 25 లక్షల డాలర్లు కొట్టుకెళ్లాడు. ఆఖర్లో శామ్ ఫర్హా అనే ఘనాపాఠీ మీద అతను వేసిన బ్లఫ్ మరీ ప్రసిద్ధం. ఫర్హా దగ్గర తొమ్మిదుల జత ఉంది. మనీమేకర్ దగ్గర ఏమీ లేదు. ఆ సంగతి టీవీ చూసేవాళ్లకు తెలుసు... ఫర్హాకు తెలీదు! తప్పుకున్నాడు.

ఇంకేముంది? తర్వాతి ఏడాది ఆ పోటీకి 2,576 మంది వచ్చారు. 2006లో 8,773 మంది! ప్రతి ఊళ్లోనూ ఓ కుర్రాడు కంప్యూటర్ ముందు కూర్చుని ‘నేనూ మనీమేకర్‌నే’ అనుకున్నాడు.

కంప్యూటర్ మరచిపోదు

క్యాసినోలో ఓ బల్లమీద గంటకు పాతిక, ముప్ఫై ఆటలు పడతాయి. ఇంటర్నెట్‌లో ముక్కలు పంచడానికి సమయం పట్టదు కాబట్టి అరవై పైనే. పైగా ఒకేసారి నాలుగైదు బల్లల మీద ఆడొచ్చు. ముప్ఫై ఏళ్లపాటు క్యాసినోలో కూర్చున్న పెద్దాయన చూసినన్ని ఆటలు ఓ కుర్రాడు రెండు, మూడేళ్లలోనే చూసేస్తాడన్నమాట.

అంతకన్నా ముఖ్యమైనది ఇంకోటుంది. కంప్యూటర్ ఏదీ మరచిపోదు. ఎవరు ఎంత కాశారు, ఎవరు తప్పుకున్నారు, చివర్లో ఏ ముక్కలు చూపించారు... ప్రతి ఆటా అక్షరాల్లో నమోదవుతుంది. దాన్నే ‘హ్యాండ్ హిస్టరీ’ అంటారు. మన బ్యాంకు పాస్‌బుక్ లాంటిదే. ఆ ఫైళ్లను పోగేసి లెక్కలు తీసే ‘పోకర్ ట్రాకర్’ లాంటి సాఫ్ట్‌వేర్లూ వచ్చేశాయి. వందలో ఎన్ని ఆటల్లో దిగుతున్నాను? ఎన్నింట్లో పందెం పెంచుతున్నాను? ఎక్కడ కూర్చున్నప్పుడు ఎక్కువ పోగొట్టుకుంటున్నాను? అన్నీ అంకెల్లో కనిపిస్తాయి.

నార్వేకు చెందిన ఆనెట్ ఓబ్రెస్టాడ్ అలా తయారైన అమ్మాయే. పదిహేనేళ్లప్పుడే ఉచిత పోటీలతో మొదలుపెట్టింది. 2007లో ఓ ప్రయోగం చేసింది. తెరమీద తన ముక్కలు కనిపించే చోటును కప్పేసి, 180 మంది ఆడే ఆన్‌లైన్ పోటీలో కూర్చుంది. ఎదుటివాళ్లు పందేలు కాసే తీరును బట్టే ఆడింది. గెలిచింది! మొత్తం పోటీలో తన ముక్కలు చూసింది ఒక్కసారేనని చెప్పింది. అదే ఏడాది సెప్టెంబరులో లండన్‌లో జరిగిన తొలి ‘వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ యూరప్’లో 361 మందిని దాటుకుని పది లక్షల పౌండ్లు గెలుచుకుంది. మర్నాడే ఆమె పందొమ్మిదో పుట్టినరోజు.

గెలిచినా... తప్పే!

ఆరితేరినవాళ్ల ఆటను చదవడమంటే వాళ్లు ఏ ముక్కలు పట్టుకున్నారో చూసి అనుకరించడం కాదు. డోయల్ బ్రన్సన్ సంగతే చూడండి. 1976లోనూ, 1977లోనూ ప్రపంచ విజేత అతనే. రెండుసార్లూ ఆఖరి ఆటలో అతని చేతిలో ఉన్నవి పది, రెండు! పోకర్‌లో అవి పనికిమాలిన ముక్కల కిందే లెక్క. ఆ రెండుసార్లూ బల్లమీది ముక్కలు కలిసొచ్చి ‘ఫుల్ హౌస్’ కుదిరింది. ఆ జోడీకి ఏకంగా ‘డోయల్ బ్రన్సన్’ అన్న పేరే స్థిరపడిపోయింది. ప్రపంచ విజేత గెలిచాడు కదా అని పది, రెండు వచ్చినప్పుడల్లా పందెం కాస్తే జేబు ఖాళీ కావడం ఖాయం.

మరి చూడాల్సిందేమిటి? ఓ చిన్న లెక్క వేద్దాం. డబ్బుతో కాదు, చింతగింజలతో!

మీ చేతిలో రెండు ఇస్పేటు ముక్కలున్నాయి. బల్లమీద తిప్పిన నాలుగింటిలో మరో రెండు ఇస్పేట్లు. ఇంకొక్క ఇస్పేటు పడితే అయిదూ ఒకే రంగు... గెలుపు మీదే అనుకుందాం. పడకపోతే ఓటమి. తిప్పాల్సింది ఒక్క ముక్కే. బల్లమీద 100 గింజలున్నాయి. ఎదుటివాడు ఇంకో 50 కాశాడు. ఆటలో ఉండాలంటే మీరూ 50 పెట్టాలి. పెడతారా?

మీకు కనిపించని ముక్కలు 46. వాటిలో ఇస్పేట్లు 9. ఇదే పరిస్థితి 46 సార్లు వచ్చిందనుకోండి. తొమ్మిదిసార్లు 150 చొప్పున 1,350 గింజలు గెలుస్తారు. 37 సార్లు 50 చొప్పున 1,850 పోగొట్టుకుంటారు. నికరంగా 500 గింజల నష్టం. అంటే పెట్టిన ప్రతిసారీ దాదాపు 11 గింజలు గాలికి వదిలేసినట్టే.

ఇప్పుడు అసలు సంగతి. మీరు 50 పెట్టారు. ఇస్పేటు పడింది! 150 గింజలు మీవయ్యాయి. పక్కనున్నవాళ్లు చప్పట్లు కొట్టారు. కానీ చదువుకున్న ఆటగాడు ఆ రాత్రి ఈ ఆటను ‘తప్పులు’ అన్న జాబితాలోనే రాసుకుంటాడు. గెలిచాడు... కానీ తప్పు ఆడాడు. ఇంకోసారి సరిగ్గా ఆడి ఓడిపోతాడు. దాన్ని ‘ఒప్పుల’ జాబితాలో రాసుకుంటాడు. (ఇస్పేటు పడ్డాక ఎదుటివాడు ఇంకా ఎన్ని గింజలు పెట్టేవాడు అన్నదీ నిపుణులు లెక్కేస్తారు. అప్పుడు జవాబు మారనూ వచ్చు. అందుకే ఒక్కో ఆటమీద గంటసేపు వాదించుకుంటారు.)

నిపుణుడి వీడియో చూసేటప్పుడూ ఇదే పద్ధతి. అతను పందెం కాయబోయే ముందు వీడియో ఆపాలి. నేనైతే ఏం చేసేవాణ్ని, ఎందుకు... అని కాగితం మీద రాసుకోవాలి. తర్వాత చూడాలి. రెండూ కలవకపోతే తేడా ఎక్కడుందో వెతకాలి. జవాబు చూసేసి ‘నేనూ అదే అనుకున్నా’ అనుకుంటే ఆ చదువు చదువే కాదు. లెక్కల పరీక్షకు తయారయ్యే పిల్లలకు అమ్మ చెప్పే మాటే కదా ఇది!

ఫలితాన్ని చూసి నిర్ణయాన్ని తూచడాన్ని పోకర్ ఆటగాళ్లు ‘రిజల్టింగ్’ అంటారు. ఆనీ డ్యూక్ అనే క్రీడాకారిణి 2018లో రాసిన ‘థింకింగ్ ఇన్ బెట్స్’ పుస్తకంతో ఆ మాట వ్యాపార ప్రపంచంలోకీ వెళ్లింది. తాగి బండి నడిపి క్షేమంగా ఇంటికి చేరినవాడు మంచి నిర్ణయం తీసుకున్నాడని అనగలమా? అదీ దాని సారాంశం.

పాస్‌బుక్ పట్టించిన దొంగ

హ్యాండ్ హిస్టరీలు ఆటగాళ్లను తయారుచేయడమే కాదు, దొంగల్నీ పట్టించాయి. 2007లో ‘అబ్సల్యూట్ పోకర్’ అనే సైట్లో ఓ ఆటగాడు వరసబెట్టి గెలుస్తున్నాడు. ఎదుటివాడి దగ్గర ఏమీ లేనప్పుడే పందెం కాస్తున్నాడు. గట్టి ముక్కలున్నప్పుడు ఠక్కున తప్పుకుంటున్నాడు. అతని చేతిలో ఓడిపోయిన ఒకరు ఆ పోటీ వివరాలు కావాలని కంపెనీని అడిగారు. కంపెనీ పంపిన ఫైల్లో అందరి ముక్కలూ ఉన్నాయి! తోటి ఆటగాళ్లు ఒక్కో ఆటా విప్పి చూశారు. అనుమానం లేదు... ఎవరో లోపలి దారిలో అందరి ముక్కలూ చూస్తూ ఆడుతున్నారు. కంపెనీ చివరికి ఒప్పుకోక తప్పలేదు. లైసెన్సు ఇచ్చిన సంస్థ 2008లో 5 లక్షల డాలర్ల జరిమానా వేసింది.

చదువు మితిమీరి గొడవలైన సందర్భాలూ ఉన్నాయి. 2009 చివర్లో ‘ఇసిల్డుర్1’ అన్న మారుపేరుతో ఓ ఆటగాడు ఇంటర్నెట్ పోకర్‌ను ఊపేశాడు. అతను విక్టర్ బ్లోమ్ అనే స్వీడన్ కుర్రాడని తర్వాత తెలిసింది. ఆ డిసెంబరులో బ్రయాన్ హేస్టింగ్స్ అనే అమెరికన్ ఒక్క రోజులో, కొన్ని గంటల్లోనే, అతని దగ్గర దాదాపు 42 లక్షల డాలర్లు గెలిచాడు. ఎలా? హేస్టింగ్స్, అతని ఇద్దరు మిత్రులూ కలిసి బ్లోమ్ ఆటల్ని ముందే వడపోశారు. ఆ మిత్రుల్లో ఒకరు తాను ఆడని ఆటల రికార్డుల్నీ బయటినుంచి సంపాదించినట్టు ఒప్పుకున్నాడు. అది సైటు నిబంధనలకు విరుద్ధం. ఎవరి ఆట వాళ్లు చదువుకోవచ్చు... పక్కవాడి నోట్సు ఎంతవరకు చూడొచ్చు అన్నదే తగవు!

రాత్రంతా చదివిన యంత్రం

2017 జనవరిలో పిట్స్‌బర్గ్‌లోని రివర్స్ క్యాసినోలో వింత పోటీ జరిగింది. ఓ పక్క నలుగురు ప్రొఫెషనల్ ఆటగాళ్లు. ఇంకో పక్క కార్నెగీ మెలన్ యూనివర్సిటీకి చెందిన టుమాస్ శాండ్‌హోమ్, నోమ్ బ్రౌన్ తయారుచేసిన ‘లిబ్రటస్’ అనే కంప్యూటర్ ప్రోగ్రాం. ఇరవై రోజులు... 1,20,000 ఆటలు.

రోజూ ఆట ముగిశాక ఆ నలుగురూ కలిసి కూర్చునేవాళ్లు. యంత్రం ఎక్కడ తప్పు చేస్తోందో వెతికేవాళ్లు. మర్నాడు అక్కడే దెబ్బ కొట్టాలని చూసేవాళ్లు. తీరా చూస్తే ఆ కన్నం అప్పటికే పూడిపోయి ఉండేది! ఎందుకంటే వాళ్లు చదువుతున్న రాత్రే యంత్రమూ చదివేది... తనను వాళ్లు ఎక్కడెక్కడ ఇబ్బంది పెట్టారో చూసుకుని సరిదిద్దుకునేది. వాళ్లు నిద్రపోతారు. అది పోదు. చివరికి 17 లక్షలకు పైగా చిప్పుల తేడాతో యంత్రమే గెలిచింది. రెండేళ్ల తర్వాత, 2019లో ‘ప్లూరిబస్’ అనే ప్రోగ్రాం ఆరుగురు ఆడే బల్లమీదా మనుషుల్ని ఓడించింది.

ఇప్పుడు పోకర్ చదువంటే ఎక్కువగా కంప్యూటర్ దగ్గర చదువే. ఏ పరిస్థితిలో ఏం చేయాలో లెక్కకట్టే ‘సాల్వర్’ సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. ప్రొఫెషనల్స్ గంటల తరబడి వాటితో కూర్చుంటారు. ఆడేటప్పుడు చాటుగా వాటి సాయం తీసుకునేవాళ్లూ తయారయ్యారు. వాళ్లను పట్టుకోవడం సైట్లకు తలనొప్పిగా మారింది.

‘నైపుణ్యం ఉన్న ఆటే కదా నాన్నా!’

ఇక మనింటి సంగతికి వద్దాం. డబ్బు పెట్టి ఆడుతున్న అబ్బాయిని నాన్న కోప్పడితే సాధారణంగా వచ్చే జవాబు... ‘ఇది అదృష్టం కాదు నాన్నా, నైపుణ్యం’ అని. నాన్న దగ్గర దానికి సమాధానం ఉండదు.

నిజానికి పేకాటలో నైపుణ్యం ఉంటుందన్న వాదన మనకు కొత్త కాదు. సికింద్రాబాద్‌లోని ఓ క్లబ్బు కేసులో 1968లోనే సుప్రీంకోర్టు రమ్మీని నైపుణ్యం ఉన్న ఆటగా గుర్తించింది. పడిన ముక్కల్ని గుర్తుపెట్టుకోవాలి, ఏది పట్టాలో ఏది వదలాలో తెలియాలి కాబట్టి అది మూడు ముక్కలాటలా పూర్తిగా అదృష్టం మీద ఆధారపడింది కాదంది.

పోకర్‌లోనూ నైపుణ్యం ఉంది. ఇప్పటిదాకా మనం చెప్పుకున్నదంతా దాని గురించే. కాబట్టి అబ్బాయి మాట అబద్ధమని వాదించొద్దు. ‘నిజమే’ అనండి. తర్వాత ఓ ప్రశ్న వేయండి... ‘మరి నైపుణ్యం ఎవరిది?’

లాటరీలో అందరూ సమానమే. కోటీశ్వరుడి టికెట్టుకీ, కూలీ టికెట్టుకీ ఒకటే అవకాశం. నైపుణ్యం ఉన్న ఆటలో అలా కాదు. నేర్చినవాడు నేర్వనివాడి డబ్బు తీసుకుంటాడు. అబ్బాయి ఎదురుగా మారుపేరుతో కూర్చున్నది పదేళ్లుగా లక్షల ఆటలు వడపోసినవాడు కావచ్చు. చాటుగా సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నవాడూ కావచ్చు. నైపుణ్యం ఉందన్నది ధైర్యం చెప్పే మాట కాదు... హెచ్చరిక!

ఇంకో లెక్క ఉంది. ఆరుగురు సమ ఉజ్జీలు తలా వెయ్యి రూపాయలతో కూర్చున్నారనుకుందాం. మొత్తం ఆరువేలు. ఒక్కో ఆటలో సగటున 100 రూపాయలు పోగయ్యాయని, అందులో సైటు 5 రూపాయలు కమీషన్‌గా తీసుకుంటుందని అనుకుందాం. గంటకు 60 ఆటలు. అంటే గంటకు 300 రూపాయలు సైటుకే. ఇరవై గంటలు ఇదే తీరున ఆడితే? ఆరువేలూ సైటు ఖాతాలోకి! ఆరుగురిలో ఎవరూ ఎవరికన్నా చెడ్డగా ఆడలేదు. అయినా బల్లమీద ఏమీ మిగల్లేదు.

‘మొన్న గెలిచాను కదా’ అంటాడు అబ్బాయి. కొన్ని వందల ఆటల్లో గెలుపు నైపుణ్యానికి రుజువు కాదు. అదృష్టం హెచ్చుతగ్గులు సర్దుకుని అసలు రంగు బయటపడాలంటే కనీసం వేల కొద్దీ ఆటల లెక్క చూడాలని ప్రొఫెషనల్సే చెబుతారు. అందుకే గెలిచినరోజు తీసిన స్క్రీన్‌షాట్ అడగొద్దు. ఇన్నాళ్లూ ఖాతాలో వేసినదెంత, తీసినదెంత... మొత్తం లెక్క తీసి చూపించమనండి. తిట్టకుండా, పక్కన కూర్చుని. చూపించడానికి వెనకాడుతున్నా, పోయింది రాబట్టుకోవాలని ఇంకా పెడుతున్నా, అప్పు చేస్తున్నా, రాత్రుళ్లు నిద్ర మానేస్తున్నా అది ఆట దశ దాటిపోయిందని అర్థం. అప్పుడు కావాల్సింది కోపం కాదు... మానసిక వైద్యుడి సాయం.

చట్టం మాట కూడా తెలిసి ఉండాలి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా లేకుండా డబ్బుతో ఆడించే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. ఆడించేవాళ్లకు మూడేళ్ల వరకూ జైలు, కోటి రూపాయల వరకూ జరిమానా. ప్రకటనలు ఇచ్చేవాళ్లకూ శిక్షలున్నాయి. ఆ కేంద్ర చట్టం ఆడినవాళ్లను శిక్షించదు. దొంగచాటు సైట్లలో పోయిన డబ్బు తిరిగొస్తుందన్న ఆశ మాత్రం పెట్టుకోకూడదు.

గింజలతో ఆడుకోండి

అయితే ఈ విద్యంతా వృథాయేనా? కానేకాదు. ఆడిన ఆటను రాసుకోవడం, గెలిచినా తప్పును తప్పనుకోవడం, మనకన్నా బాగా ఆడేవాడు ఎందుకలా ఆడాడో ఆలోచించడం... వీటికి రూపాయి ఖర్చు లేదు. చదరంగం నేర్చుకునే పాపకూ, క్రికెట్ ఆడే బాబుకూ, ఈఏపీసెట్ నమూనా పరీక్ష రాసి వచ్చిన అబ్బాయికీ అవి పనికొస్తాయి. ‘ఎన్ని మార్కులొచ్చాయి?’ అని అడిగే ముందు ‘ఈ లెక్క ఇలా ఎందుకు చేశావు?’ అని అడిగితే చాలు. గుడ్డిగా పెట్టిన టిక్కు కలిసొచ్చి వచ్చిన మార్కు కన్నా, సరైన దారిలో వెళ్లి చివరి మెట్టులో తప్పిన లెక్కే మేలని పిల్లలకు తెలుస్తుంది.

సంక్రాంతికి అందరూ చేరినప్పుడు చింతగింజలు పోసుకుని ఓ ఆట వేయండి. ఎవరు ఓడిపోయినా ‘అయ్యో’ అనకండి. సైడెల్ అడిగినట్టే అడగండి...

‘ఎలా ఓడిపోయావో చెప్పొద్దు. ఎందుకలా ఆడావో చెప్పు!’